చూలాలి దిగులు: ఇంటివారి కర్తవ్యము

మన సంఘ పత్రికయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ మాసమున మేము గర్భిణీ స్త్రీల మనోవ్యాకులమును గూర్చి వ్రాయుచున్నాము. రైతుల పత్రికకు ఇది తగిన విషయమేనా యని కొందఱు సభ్యులు శంకింపవచ్చును. తగినదే యని మా దృఢాభిప్రాయము. నారుమడి చక్కగా సాగినగాని పైరు నిలువదని యెఱుగని రైతు లేడు. చూడి ఆవును కాడికి కట్టరాదనియు, బెదరగొట్టరాదనియు, గట్లమీద పరుగెత్తింపరాదనియు పసులకాపరి పిల్లవానికిని తెలియును. పశువుపట్ల నింత జాగ్రత్త గల మనము ఇంటనున్న చూలాలి మనస్సు ఎట్లున్నదో యని యొక్కమారైనను విచారించుచున్నామా? ఆమె యేమి తినినదని అడుగుదుము. ఎన్నవ నెల యని లెక్కింతుము. రాత్రి నిద్ర పట్టుచున్నదా, దేనికి భయపడుచున్నావు అని అడుగువారు మాత్రము అరుదు.

ఈ వ్యాసము గర్భిణిని ఉద్దేశించి వ్రాసినది కాదు. ఆమె భర్తను, అత్తమామలను, తల్లిదండ్రులను ఉద్దేశించి వ్రాసినది. అట్లు చేయుటకు గల కారణము చదువరులకు ముందుముందు బోధపడును.

దిగులెంత, వ్యాధి యెంత

కడుపుతో నున్న స్త్రీకి కొంత భయము కలుగుట సహజము. బిడ్డ క్షేమముగా పుట్టునో లేదో, నొప్పులు ఓర్చుకొనగలనో లేనో, ఖర్చు లెట్లు గడచునో యని తలపోయని తల్లి యుండదు. కానుపు ఆడుదానికి పునర్జన్మ యని మన పెద్దలు చెప్పుచువచ్చిరి. ఆ మాట ఊరక పుట్టినది కాదు. ప్రసవమునందు ప్రాణములు కోల్పోవు స్త్రీలు ప్రతి యూరనుండిన కాలమున పుట్టినది. నేటి స్థితి వేఱు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు 2004-06 సంవత్సరములలో ప్రతి లక్ష సజీవ జననములకు 154 మంది తల్లులు మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. 2018-20 నాటికి ఈ సంఖ్య ఆంధ్రప్రదేశమున 45కును, తెలంగాణమున 43కును దిగినది. అపాయ మింతగా తగ్గినను భయ మంతగా తగ్గలేదు. మన మాటలలో, మన ఇండ్లలో అది పాతుకొనియున్నది.

సహజమైన దిగులు వచ్చును, పోవును. నలుగురిలో కలిసినప్పుడు మఱుగుపడును. డాక్టరమ్మ ధైర్యము చెప్పినప్పుడు తగ్గును. వ్యాధియైన యాందోళన యట్టిది కాదు. రెండు వారములకు మించి దాదాపు ప్రతిదినము ఏదో యొక కీడు జరుగబోవుచున్నదను తలపు మనస్సును వదలదు. వలదనుకొన్నను ఆగదు. నిద్ర పట్టదు, పట్టినను నడిరేయి ఉలికిపడి మేల్కొనును. గుండె దడదడలాడును, ఊపిరి ఆడనట్లుండును, అరచేతులు చెమర్చును. అన్నము సయింపదు. చిన్న మాటకు కన్నీరో, చిఱాకో వచ్చును. కొందఱు ఏమి వినవలసివచ్చునో యని పరీక్షలకు పోవుటకే జంకుదురు. మఱికొందఱు దినమునకు పదిమాఱులు బిడ్డ కదలుచున్నదా యని పొట్ట తడిమి చూచుకొనుచు ఏ పనియందును మనస్సు నిలుపలేకుందురు.

ఇచట నొక హెచ్చరిక. గుండెదడ, ఆయాసము, నీరసము రక్తహీనతవలనను, థైరాయిడు గ్రంథి దోషమువలనను గూడ కలుగును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమునందలి గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కాబట్టి రక్తపరీక్ష చేయింపకయే ఇదంతయు భయమని త్రోసివేయరాదు; అట్లే రక్తము బాగుగనే యున్నదని వినినంతనే ఆమెకు బాధయే లేదని తలపరాదు.

ఈ యాందోళన ఎందఱికి కలుగుచున్నది? 34 దేశములలో జరిగిన 102 పరిశోధనల ఫలితములను పండితులు కొందఱు సమకూర్చి 2017లో ప్రకటించిరి. ఆ పరిశోధనలలో పాల్గొన్న స్త్రీల సంఖ్య రెండు లక్షలకు పైబడినది. ఆందోళన లక్షణములు తమకు గలవని చెప్పినవారు మొదటి మూడు నెలలలో నూటికి 18 మంది, నడిమి నెలలలో 19 మంది, చివరి నెలలలో సుమారు 25 మంది. వైద్యులు పరీక్షించి వ్యాధి యని నిర్ణయింపదగినవారు నూటికి 15 మంది. అనగా ఊరిలో ఇరువదిమంది గర్భిణులున్నచో అందు ముగ్గురు ఈ బాధలో నుండవచ్చును. వారిలో ఎవ్వరును నోరు తెఱచి చెప్పక పోవచ్చును. ధనిక దేశములలోకంటె బీద దేశములలో ఈ బాధ హెచ్చుగ నున్నదనియు ఆ లెక్కలు తెలిపినవి.

బిడ్డకు తగులునా?

గర్భమునందు 37 వారములు నిండకయే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ యందురు. 2,500 గ్రాములకు తక్కువ తూగు బిడ్డను తక్కువ బరువు బిడ్డ యందురు. ఇట్టి బిడ్డలకు చలి తట్టుకొను శక్తి తక్కువ, పాలు పీల్చు శక్తి తక్కువ, అంటురోగముల భయ మెక్కువ. తీవ్రమైన ఆందోళనకు లోనైన తల్లులకు ఇట్టి బిడ్డలు కలుగుట కొంత హెచ్చుగా నున్నదని పెక్కు దేశముల పరిశోధనలలో కనబడినది.

ఇది ఆందోళన ఫలమా, లేక ఆందోళన కలిగించిన బీదరికపు ఫలమా యని సందేహము రావచ్చును. సందేహము సమంజసమైనదే. దీనిని తీర్చుకొనుటకు పండితులు ధనికులని, బీదలని చూడని యుపద్రవములను పరిశీలించిరి. 2005వ సంవత్సరము జూన్ నెలలో దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున తారపాకా ప్రాంతమునందు గొప్ప భూకంపము వచ్చినది. ఆ సమయమున గర్భము ధరించి మొదటి నెలలలో నున్న స్త్రీల బిడ్డలు, భూకంపము తగులని ప్రాంతముల బిడ్డలకంటె సగటున తక్కువ బరువుతో పుట్టిరి. నెలలు నిండకయే పుట్టినవారును హెచ్చిరి. భూకంపము ఇల్లు చూచి, ఆస్తి చూచి రాదు గదా! ఇట్లే కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రమున 1998 జనవరిలో మంచుతుపాను వచ్చి లక్షలకొలది ఇండ్లు దినముల తరబడి విద్యుత్తు లేక చీకటిలోను, చలిలోను మునిగినవి. అప్పుడు గర్భిణులుగా నున్నవారి బిడ్డలను పరిశోధకులు ఏండ్లతరబడి కనిపెట్టి చూచిరి. తుపానులో హెచ్చు కష్టములు పడిన తల్లుల బిడ్డలకు రెండేండ్ల ప్రాయమున మాటలును, గ్రహణశక్తియు సగటున కొంత వెనుకబడియుండినవి.

ఐనను ఈ సంబంధమును ఉన్నదానికంటె పెద్దదిగా చూపుట తప్పు. దిగులుపడిన తల్లులలో అధికసంఖ్యాకులు నెలలు నిండిన ఆరోగ్యవంతులైన బిడ్డలనే కనుచున్నారు. ఒక్కనాటి యెండకు పైరు చావదు. తడి లేక వారములకొలది వాడిన పైరుకే దిగుబడి తగ్గును. ఒకనాడు ఏడ్చినంతనే, ఒక రాత్రి నిద్ర లేకున్నంతనే బిడ్డకేదో యైపోవునని భయపడ నవసరము లేదు.

దీని మర్మమేమి? భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులనుండి కార్టిసాల్ అను రసము రక్తములోనికి హెచ్చుగా వచ్చును. తల్లికిని బిడ్డకును నడుమ మావి గలదు. అది చెఱువునకు తూమువంటిది; కావలసినంత వదలును, అక్కఱలేని దానిని ఆపును. తల్లి రక్తములోని కార్టిసాలులో చాలభాగమును బిడ్డకు చేరకుండ నశింపజేయు పదార్థ మొకటి మావియందే యున్నది. అధికమైన ఆందోళన గల తల్లుల మావియందు ఆ పదార్థపు శక్తి తగ్గియుండుట పరిశోధనలలో కనబడినది. గర్భాశయమునకు పోవు రక్తము గూడ తగ్గునా యని 1999లో లండను వైద్యులు 100 మంది గర్భిణులను పరీక్షించి, ఆందోళన హెచ్చుగా నున్నవారి రక్తనాళములలో ఆటంకము హెచ్చని కనుగొనిరి. తరువాతి పరిశీలనలన్నియు దీనితో ఏకీభవింపలేదు. ఇంకొక మార్గము ఎవ్వరికైనను తెలియునదే. దిగులుతో నున్నది సరిగా తినదు, నిద్రింపదు, ఇనుపధాతువు మాత్రలు మఱచును, పరీక్షలకు పోదు.

ప్రసవముతో ఈ బాధ ముగియదు. గర్భమునందలి ఆందోళన తరచుగా పురిటి తరువాతి మనోవ్యాధికి మొలకయగును. గోవాలో విక్రమ్ పటేల్ మున్నగు వైద్యులు జరిపి 2003లో ప్రకటించిన పరిశోధనలో, ప్రసవానంతరము దిగులు వ్యాధికి లోనైన తల్లుల బిడ్డలు ఆఱవ నెలనాటికి బరువునందును, పొడవునందును వెనుకబడియుండుట కనబడినది. పాలిచ్చుటకు, ఒడిలో నుంచుకొని మాటలాడుటకు తల్లికి మనస్సు కావలయును. ఆ మనస్సే క్రుంగినప్పుడు పాలున్నను బిడ్డ వృద్ధికి లోటు వచ్చును.

ఈ దిగులు ఎచటినుండి వచ్చుచున్నది?

ఆ వైద్యులే 2002లో ప్రకటించిన మఱియొక వ్యాసమునందు తల్లుల దిగులునకు కారణములను పరిశీలించిరి. ఆర్థికపు ఇక్కట్లు, భర్త కొట్టుట, ఆడపిల్ల పుట్టుట, గర్భమునందే మనోవ్యాకులము కలుగుట ముఖ్యమైనవని తేలినది. పాఠకులారా, ఈ పట్టికను మరల చదువుడు. ఇందులో ఎన్ని ఇంటివారి చేతిలో నున్నవో గమనింపుడు.

మగపిల్లవాని మాట ముందు చెప్పుదము. ఈసారియైన మగబిడ్డను కనుమని చెప్పు అత్తగారు తాను దీవించుచున్నాననుకొనును. వినిన కోడలికి అది గడువు పెట్టినట్లుండును. బిడ్డ ఆడుదియో మగదియో నిర్ణయించునది తండ్రి బీజమేకాని తల్లి కాదు. తల్లి యిచ్చునది ఎల్లప్పుడును ఒకే తీరుది. తండ్రి బీజములందే రెండు తీరులున్నవి. తన చేతిలో లేనిదానికి ఆమె తొమ్మిది నెలలు శిక్ష యనుభవించుట న్యాయమా? పుట్టకముందే బిడ్డ లింగమును తెలిసికొనుట 1994 నాటి చట్టముచేత నేరము కూడను.

రెండవది అప్పు. వానలు తప్పినప్పుడును, ధర పడినప్పుడును మన ఇండ్లలో అప్పుల ప్రసంగమే రాత్రిపగలు జరుగుచుండును. వాకిట నిలిచి వడ్డీవ్యాపారి బిగ్గఱగా మాటలాడును. లోపలి గదిలోని చూలాలు వినుచునేయుండును. తన కానుపు ఖర్చుతో ఈ సంసారము మునుగునేమో యని తనలో తాను క్రుంగును. అట్లని ఆమెకు ఏమియు చెప్పక దాచుటయు మంచిది కాదు; సగము వినిన మాట పూర్తిగా తెలిసిన మాటకంటె హెచ్చు భయమును గలిగించును. ఇంత యప్పున్నది, ఇట్లు తీర్చుదుము, నీ కానుపునకు ఇంత వేఱుగ పెట్టితిమి అని భర్త కూర్చుండి నెమ్మదిగా చెప్పినచో ఆమె గుండె కుదుటపడును.

మూడవది త్రాగుడు, దెబ్బలు. దీనికి సమాధానము చెప్పి ఒప్పించుటకు మేము సిద్ధముగా లేము. కడుపుతోనున్న దానిపై చేయి చేసికొనుట ఏ సంసారమునందును క్షమింపరాని పని. అట్టిది జరుగుచున్నదని తెలిసిన యిరుగుపొరుగువారు అది వారి యింటి గొడవ యని తలుపు వేసికొనరాదు.

నాల్గవది పూర్వపు దుఃఖము. ఒకమారు కడుపు పోయినవారికి, పురిటిలో బిడ్డను పోగొట్టుకొన్నవారికి ఈమారును అట్లే యగునేమో యను భయము సహజముగనే హెచ్చుగ నుండును. చూడవచ్చిన చుట్టములు ఇతరుల కష్టపు కానుపుల కథలు ఆమె ముందు చెప్పుట ఆచారమైపోయినది. ఇంటి పెద్దది అట్టి ప్రసంగమును నిస్సంకోచముగ ఆపవలెను.

నొప్పుల భయము, కత్తికోత

నొప్పుల భయమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. గ్రాంట్లీ డిక్-రీడ్ అను ఆంగ్ల వైద్యుడు 1933లో ప్రకటించిన గ్రంథమున, భయము శరీరమును బిగియజేయుననియు, బిగువు నొప్పిని హెచ్చించుననియు, నొప్పి మరల భయమును పెంచుననియు వాదించెను. ఆయన చెప్పినదంతయు నిలువలేదుగాని, భయము తగ్గించినచో ప్రసవము సుగమమగునను మాట తరువాత గట్టిపడినది. 1980లో గ్వాటెమాలా దేశపు ఆసుపత్రిలో తొలిచూలు స్త్రీలు కొందఱికి నొప్పులు మొదలైనది మొదలు ప్రసవమగువఱకు ప్రక్కనే కూర్చుండి చేయి పట్టుకొని ధైర్యము చెప్పుటకు ఒక స్త్రీని ఏర్పఱచిరి. ఆ తోడు గలవారికి సగటున 9 గంటలలోపల ప్రసవమైనది. తోడు లేనివారికి 19 గంటలు పట్టినది. అనేక దేశములలో ఇట్టి పరీక్షలు జరిగినవి. 26 పరీక్షలను, 15,000కు పైబడిన స్త్రీలను గూర్చిన ఫలితములు 2017లో సమీక్షింపబడినవి. విడువక తోడున్నచో సహజ ప్రసవములు హెచ్చుననియు, శస్త్రచికిత్సలు తగ్గుననియు, నొప్పుల కాలము కొంత తగ్గుననియు తేలినది. ఇది ఖర్చు లేని మందు.

మన ప్రాంతమునకు ఈ మాట మిక్కిలి యవసరము. 2019-21 నాటి సర్వేప్రకారము తెలంగాణమున నూటికి సుమారు 61 మందికిని, ఆంధ్రప్రదేశమున 42 మందికిని శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. దేశమంతటికిని సగటు 21 మాత్రమే. అవసరమైనచోట ఈ శస్త్రచికిత్స ప్రాణదాత. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని నొప్పుల భయముచేతను, ముహూర్తపు పట్టుదలచేతను కోత కోరుట వివేకము కాదు. కోలుకొనుటకు హెచ్చు దినములు పట్టును; మరుకానుపునందు మావికి సంబంధించిన చిక్కులు హెచ్చును; ప్రైవేటు ఆసుపత్రియైనచో ఖర్చు చేను తాకట్టువఱకు పోవును. ప్రభుత్వాసుపత్రులలో ప్రసవగదిలోనికి ఒక తోడు స్త్రీని అనుమతించుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో అంగీకరించినది. తల్లియో, అక్కయో, అత్తయో ఎవరు తోడుండవలెనో గర్భిణినే అడిగి ముందుగ నిశ్చయించి, ఆసుపత్రివారితో మాటలాడి యుంచవలెను.

మాటయే మందు

ఈ ఆందోళనకు చికిత్స యున్నదా? ఉన్నది. అందులో మొదటిది మాట. ఇరుగుపొరుగు దేశమైన పాకిస్తానమున రావల్పిండి ప్రాంతపు పల్లెలు మన పల్లెలవంటివే. అచట ఉమ్మడి కుటుంబములు, కోడలిపై అత్త పెత్తనము, డాక్టర్ల కొఱత ఉన్నవి. అచట అతీఫ్ రహమాన్ మున్నగు వైద్యులు ఊరి ఆరోగ్య కార్యకర్తలకు కొలదిపాటి శిక్షణ యిచ్చి, దిగులు వ్యాధితో నున్న గర్భిణుల యిండ్లకు పంపిరి. వారు మందులిచ్చువారు కారు. కూర్చుండి వినువారు, యోచింపజేయువారు. 2008లో ప్రకటించిన ఫలితములు ఇవి: ప్రసవమైన ఆఱు నెలలకు, ఈ సాయము పొందినవారిలో నూటికి 23 మందికే వ్యాధి మిగిలినది, పొందనివారిలో నూటికి 53 మందికి మిగిలినది. ఈ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పుస్తకరూపమున ప్రకటించినది.

తరువాత ఆందోళనకే ప్రత్యేకించి అదే రావల్పిండిలో మఱియొక ప్రయత్నము జరిగి 2024లో ఫలితములు వెలువడినవి. చికిత్సానుభవము లేకున్నను తగిన శిక్షణ పొందిన యువతులు గర్భిణులతో కొన్నిమాఱులు కూర్చుండి మాటలాడిరి. ప్రసవమైన ఆఱు వారములకు చూడగా, ఈ సాయము పొందినవారిలో నూటికి 12 మందికి దిగులు వ్యాధి కనబడినది. మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో 41 మందికి కనబడినది. తీవ్రమైన ఆందోళన మొదటివారిలో 9 మందికి, రెండవవారిలో 27 మందికి నుండెను.

వారు చేయు పని గొప్ప రహస్యము కాదు. మొదట, మనస్సున తిరుగుచున్న తలపేమో ఆమెచేతనే చెప్పింతురు. బిడ్డ కదలుట లేదు, చనిపోయినదేమో యని ఆమె యనుకొనును గాక. ఆ తలపునకు సాక్ష్యమేమి, ఎదురు సాక్ష్యమేమి యని ఇరువురును విచారింతురు. నిన్న పరీక్షలో గుండె చప్పుడు వినబడినది. ఈ యుదయము అన్నము తినిన తరువాత కదలినది. పిమ్మట, అట్టి తలపు మరల వచ్చినప్పుడు చేయదగిన చిన్న పని యొకటి నిర్ణయింతురు: ప్రక్కకు తిరిగి పండుకొని కదలికలు లెక్కించుట, తగ్గినట్లు నిజముగ తోచినచో జాగుచేయక ఆసుపత్రికి పోవుట. భయమును కాదనరు, దానిని నేలమీదికి దించి చూపుదురు.

బాధ తీవ్రముగా నున్నచో మాట చాలదు. వైద్యుడు మందు ఇయ్యవలసియుండును. గర్భిణికి తగిన మందులున్నవి. మునుపే మానసికవ్యాధికి మందులు వాడుచున్న స్త్రీ కడుపు నిలిచినదని విని ఒక్కమారుగ మానివేయుట ప్రమాదము. వైద్యుని అడిగినగాని మానరాదు, మార్చరాదు. దుకాణములో నిద్రమాత్రలు కొని మ్రింగుట అంతకంటె ప్రమాదము.

ఏమి చేయవలెను?

మొదట అడుగుడు. ఇతరులు లేనప్పుడు, తొందర లేనప్పుడు అడుగవలెను. ఈ రెండు వారములలో మనస్సు నిలువక బెంగగా నున్నదా, ఆ దిగులును ఆపుకొనలేకున్నావా యను రెండు ప్రశ్నలు చాలును. అవునన్నచో నీకేమి తక్కువ యని వాదింపవద్దు. నీ దిగులు బిడ్డకు తగులును సుమా యని హెచ్చరింపవద్దు. ఈ వ్యాసమును ఇంటివారిని ఉద్దేశించి వ్రాయుటకు కారణ మిదియే. దిగులుపడుచున్న దానితో నీ దిగులే బిడ్డకు కీడనుట దిగులునకు దిగులు చేర్చుటయే.

పరీక్షలకు భర్త వెంటబోవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు వైద్యులు ప్రత్యేకముగా పరీక్ష చేయు ఏర్పాటు 2016లో మొదలైనది. ఆశా కార్యకర్తకును, డాక్టరుకును రక్తపోటు, రక్తము మాటతోపాటు నిద్ర, మనస్సు మాటయు చెప్పవలెను. తొలికానుపునకు పుట్టింటికి పంపుట మన యాచారము. తల్లిచెంత నుండుట మనస్సునకు మేలే. కాని పరీక్షల పుస్తకమును, మందుల చీటిని వెంట పంపవలెను. క్రొత్తచోటి ఆరోగ్య కార్యకర్తకు వెంటనే తెలుపవలెను.

కానుపు ఏర్పాటులు ఎనిమిదవ నెలలోనే ఆమె యెదుట నిశ్చయింపుడు: ఏ ఆసుపత్రి, ఏ బండి, 108కు ఎవరు ఫోను చేయుదురు, తోడెవరు, రక్తమిచ్చువారెవరు, పైక మెంత. ఏర్పాటు కనబడినప్పుడు భయము సగము తగ్గును. బరువు పనులను, పురుగుమందు కలుపుటను, చల్లుటను ఆమెకు అప్పగింపరాదు. పగలు కొంతసేపు విశ్రాంతియు, రాత్రి నిండు నిద్రయు ఆమె హక్కు.

రక్తస్రావము, విపరీతమైన తలనొప్పి, కన్నులు మసకలు క్రమ్ముట, మొగము, చేతులు వాచుట, మూర్ఛ, తీవ్రజ్వరము, నెలలు నిండకయే ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలికలు తగ్గుట, ఇవి ఏవియు భయముచేత కలిగినవని ఉపేక్షింపరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బ్రదుకెందుకను మాట ఆమె నోట వచ్చినచో దానిని ఊరక యన్న మాటగా విడువరాదు. ఆమెను ఒంటరిగ నుంచక ఆనాడే వైద్యునికి చూపవలెను. పురుగుమందు డబ్బాలు ఇంటిలో నుంచక తాళముగల చోట నుంచుట ప్రతి రైతు ఎల్లప్పుడును చేయదగిన పని. మనోబాధలకు సలహా యిచ్చుటకై 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగునందే మాటలాడవచ్చును. పైకము లేదు. రాత్రిపగళ్ళు ఎప్పుడైనను చేయవచ్చును.

సంఘములు చేయదగినవియు గలవు. సభ్యుని యింట కానుపు రాబోవుచున్నదని తెలిసినప్పుడు కొద్దిమొత్తమును జాగులేక మంజూరుచేయు నియమము ఉండుట మేలు. నెలకింత చొప్పున కానుపు పొదుపు కట్టించినచో అప్పు చేయు నవసరమే తగ్గును. బాకీ వసూలునకు పోవు గుమాస్తా చూలాలున్న యింటి వాకిట గొంతు పెంచక, సభ్యుని కార్యాలయమునకు పిలిచి మాటలాడవలెను. నెలసరి సమావేశమునకు ఏడాదికి రెండుమార్లైన ఆరోగ్య కేంద్రపు నర్సును పిలిచి, సభ్యుల భార్యలకే గాక సభ్యులకును ఈ విషయములు వినిపింపవలెను. పరస్పర సాహాయ్యమే సహకారమునకు మూలమైనప్పుడు, దాని కింతకంటె తగిన పని యేమున్నది?

ఈ సంచిక మీకు చేరునాటికి మీ యింటనో, మీ పొరుగింటనో చూలాలుండవచ్చును. ఆమె నవ్వుచు తిరుగుచుండవచ్చును గూడ. నవ్వు చూచి మోసపోవలదు. పని యొక గడియ మాని, ప్రక్కన కూర్చుండి, ఆమె చెప్పినంతసేపు వినుడు. సలహా తరువాత చెప్పవచ్చును. ముందు వినుట ముఖ్యము.